నిర్జలీకరణం

ఒక పదార్థంలోంచి గాని, జీవి శరీరంలోంచి గాని నీరు పోవడాన్ని, లేదా నీటిని తీసేయడాన్ని నిర్జలీకరణం అంటారు. పాఠ్యపుస్తకాల్లోనూ, పత్రికల ఆరోగ్య పేజీల్లోనూ ఈ మాట కనిపిస్తుంది గాని, జనం నోట వినిపించేది డీహైడ్రేషన్ అన్న ఇంగ్లీషు మాటే. దీన్ని మూడు రంగాలవాళ్లు మూడు అర్థాల్లో వాడతారు. వైద్యుడికి ఇది ఒంట్లో నీరు, లవణాలు ప్రమాదకరంగా తగ్గిపోవడం. రసాయన శాస్త్రవేత్తకు ఒక సమ్మేళనంలోంచి నీటి అణువులను విడగొట్టే చర్య. ఆహార పరిశ్రమలో సరుకు పాడవకుండా దానిలోని తేమను తీసేసే పద్ధతి. మొదటిది కోరకుండా వచ్చిపడే ఆపద. తక్కిన రెండూ మనిషి కావాలని చేసే పనులు.

పదం పుట్టుక

డీహైడ్రేషన్‌లో ముందున్న ‘డీ’ తొలగింపును తెలిపే లాటిన్ ఉపసర్గ. ‘హైడ్ర’ అన్న భాగం నీటికి గ్రీకు పేరైన ‘హ్యూడోర్’ నుంచి వచ్చింది. హైడ్రోజన్, హైడ్రాలిక్ అన్న మాటల్లో ఉన్నదీ అదే. సంస్కృతంలోని ఉదకానికీ ఈ హ్యూడోర్‌కూ మూలధాతువు ఒకటేనని భాషావేత్తల నిర్ణయం.

తెలుగులో వాడే నిర్జలీకరణం సంస్కృత సమాసం. నిర్జలం అంటే నీరు లేనిది. నీరు లేనిదిగా చేయడం నిర్జలీకరణం. జ్యేష్ఠ శుద్ధ ఏకాదశిని చుక్క నీరు ముట్టకుండా ఉపవాసం ఉంటారు గనుక నిర్జల ఏకాదశి అంటున్నాం. రసాయన శాస్త్ర పుస్తకాల్లో నీరు లేని పదార్థానికి ‘అనార్ద్ర’ అనీ, స్ఫటికంలో కలిసి ఉన్న నీటికి ‘స్ఫటికజలం’ అనీ పారిభాషిక పదాలు ఏర్పడ్డాయి.

ఈ కొత్త సమాసం రాకముందు తెలుగువాళ్లకు ఈ అవస్థ తెలియదనుకోకూడదు. పొద్దస్తమానం వాడే నీరసం అన్న మాటను విడదీస్తే ‘రసం లేకపోవడం’ అని వస్తుంది. శోష వచ్చి పడిపోయాడంటాం. సంస్కృతంలో శోషమంటే ఎండిపోవడం. దాహమన్న మాటకు మూలార్థం మంట, కాలడం. ఒంట్లో ద్రవం తగ్గడం, తడి ఆరడం, లోపల మండినట్లుండడం అనే మూడు అనుభవాలూ మూడు మాటలై వాడుకలో స్థిరపడ్డాయి. వాటి అసలు అర్థాలు మరుగునపడి, నీరసం ఉత్త బలహీనతగానూ, శోష సొమ్మసిల్లడంగానూ మిగిలిపోయాయి.

వాడుక

ఇళ్లలో డీహైడ్రేషన్ అన్న మాట వినిపించేది ఎక్కువగా వాంతులు, విరేచనాలప్పుడూ, ఎండాకాలంలోనూ. ‘పిల్లాడు డీహైడ్రేట్ అయిపోయాడు’, ‘బాడీ డీహైడ్రేషన్ అయిందన్నారు’, ‘ఒంట్లో నీళ్లు తగ్గిపోయాయి’ అంటారు. వీటికి దగ్గరగా వినిపించే మరి రెండు మాటలను వీటితో కలపకూడదు. ‘ఒంటికి నీరు పట్టింది’ అంటే కాళ్లు, ముఖం వాచాయని. గర్భిణి విషయంలో ‘నీళ్లు తగ్గాయి’ అంటే తగ్గింది బిడ్డ చుట్టూ ఉండే ఉమ్మనీరు.

ఎండాకాలపు వార్తల్లో వడదెబ్బ, డీహైడ్రేషన్ జంటగా వస్తాయి. చాలామంది ఒకటే అనుకుంటారు గాని వైద్యులు వేరు చేస్తారు. వడదెబ్బలో శరీరం తన వేడిని అదుపు చేసుకోలేక లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది, మతి తప్పుతుంది. డీహైడ్రేషన్‌లో తగ్గేది నీరు, లవణాలు. జ్వరం ఉండాలని లేదు. అయితే నీరు తగ్గిన ఒంట్లో చెమట సరిగా పట్టదు, చెమట పట్టకపోతే వేడి బయటికి పోదు. అలా డీహైడ్రేషన్ వడదెబ్బకు దారితీస్తుంది. 2015 మే నెలలో దేశంలో వడగాడ్పులకు రెండు వేలమందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాసులే.

క్రికెట్ అభిమానులకు ఈ మాట 1986 సెప్టెంబరు నాటి మద్రాసు టెస్టును గుర్తు చేస్తుంది. చెపాక్ ఉక్కలో ఆస్ట్రేలియా ఆటగాడు డీన్ జోన్స్ మైదానంలోనే వాంతులు చేసుకుంటూ, కండరాలు పట్టేస్తున్నా ఆడి 210 పరుగులు చేశాడు. తర్వాత ఆయన్ను ఆస్పత్రికి తీసుకెళ్లి సెలైన్ ఎక్కించారు. ఆ టెస్టు టైగా ముగిసింది.

శరీరంలో నీటి లెక్క

వయసు వచ్చిన మగవారి బరువులో సుమారు 60 శాతం నీరే. ఆడవారిలో ఇది కొంచెం తక్కువ. అప్పుడే పుట్టిన బిడ్డలో దాదాపు 75 శాతం. 60 కిలోల మనిషిని తీసుకుంటే 36 లీటర్ల నీరున్నట్లు. అందులో మూడింట రెండు వంతులు, అంటే 24 లీటర్లు, కణాల లోపల ఉంటుంది. తక్కిన 12 లీటర్లు కణాల బయట, వాటి మధ్య సందుల్లోనూ రక్తంలోనూ ఉంటుంది. లోపలి నీటిలో పొటాషియం ఎక్కువ, బయటి నీటిలో సోడియం ఎక్కువ. నీరు ఎటు కదలాలన్నది ఈ లవణాలే నిర్ణయిస్తాయి.

మామూలు రోజున మూత్రంగా లీటరున్నర, చర్మం నుంచీ ఊపిరి నుంచీ మనకు తెలియకుండా సుమారు ముప్పావు లీటరు పోతుంది. ఎండలో బరువు పని చేసేవారికి చెమట రూపంలోనే గంటకు లీటరు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పోవచ్చు. కలరా ముదిరిన పెద్దవారికి విరేచనాల్లోనే గంటకు లీటరు దాకా పోతుంది.

రక్తం కొద్దిగా చిక్కబడగానే మెదడులోని హైపోథాలమస్ పసిగడుతుంది. దప్పిక పుట్టిస్తుంది, పీయూష గ్రంథి ద్వారా వాసోప్రెసిన్ అనే హార్మోన్‌ను వదిలిస్తుంది. ఆ హార్మోన్ అందగానే మూత్రపిండాలు నీటిని వెనక్కి పీల్చుకుని మూత్రాన్ని చిక్కగా, తక్కువగా పంపుతాయి. నీళ్లు తాగనప్పుడు మూత్రం ముదురు పసుపుగా రావడానికి కారణమిదే. ముసలితనంలో దప్పిక మొద్దుబారుతుంది. అడగలేని పసిపిల్లలూ, అడగాలనిపించని వృద్ధులూ త్వరగా ఈ స్థితికి చేరుకుంటారు.

కారణాలు, రకాలు

ప్రపంచమంతటా పిల్లల్లో మొదటి కారణం నీళ్ల విరేచనాలు. వాంతులు, తీవ్ర జ్వరం, కాలిన గాయాలు, అదుపు తప్పిన మధుమేహం, మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలు, ఎండలో పని, నీళ్లు తాగకపోవడం ఇతర కారణాలు. మధుమేహంలో చక్కెర మూత్రంలోకి పోతూ తనతో నీటిని లాక్కుపోతుంది. మద్యం వాసోప్రెసిన్‌ను అణచివేసి మూత్రాన్ని పెంచుతుంది. మర్నాటి తలనొప్పి, నోరెండడంలో దీని పాత్ర ఉంది.

పోయిన నీరు, ఉప్పుల నిష్పత్తిని బట్టి మూడు రకాలు చెబుతారు. రెండూ సమానంగా పోతే ఒక రకం, నీరే ఎక్కువ పోతే మరొకటి, ఉప్పు ఎక్కువ పోతే ఇంకొకటి. రక్తంలో సోడియం మామూలుగా లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్‌లు ఉంటుంది. ఆ అంకెను చూసి ఏ రకమో తేల్చి, ఏ ద్రవం ఎంత వేగంగా ఎక్కించాలో వైద్యులు నిర్ణయిస్తారు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్లో పనిచేసేవారిని పీడిస్తున్న మూత్రపిండాల జబ్బుకు అసలు కారణం ఇంకా తేలలేదు. ఎండలో పని చేస్తూ పదే పదే ఒంట్లో నీరు తగ్గడం, పరిశోధకులు పరిశీలిస్తున్న కారణాల్లో ఒకటి.

లక్షణాలు

తొలిదశలో దప్పిక, నోరెండడం, తలనొప్పి, మూత్రం తగ్గడం ఉంటాయి. ముదిరితే నాలుక పిడచకట్టుకుపోతుంది, కళ్లు లోతుకు పోతాయి, లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి, గుండె వేగం పెరుగుతుంది. ఇంకా ముదిరితే నాడి చేతికి అందదు, కాళ్లు చేతులు చల్లబడతాయి, మూత్రం ఆగిపోతుంది, స్పృహ తప్పుతుంది. చంటిపిల్లల్లో మాడు లోపలికి పోవడం, ఏడ్చినా కన్నీళ్లు రాకపోవడం తల్లులు గుర్తుపట్టే ఆనవాళ్లు.

పిల్లల్లో తీవ్రతను తెలుసుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరీక్షకు పరికరాలేమీ అక్కర్లేదు. బిడ్డ పొట్ట మీద, బొడ్డుకు పక్కగా, చర్మాన్ని రెండు వేళ్లతో మడతలా పట్టి వదలాలి. మామూలుగా అది వెంటనే సర్దుకుంటుంది. నెమ్మదిగా సర్దుకుంటే కొంత నీరు తగ్గినట్లు. రెండు సెకన్లు దాటినా మడత నిలిచే ఉంటే పరిస్థితి విషమం. బిడ్డ చిరాకుగా ఉండి, నీళ్లు చూడగానే ఆత్రంగా తాగితే ఇంకా నోటితో తాగించి నెట్టుకురావచ్చు. మగతగా పడి ఉండి తాగలేకపోతే ఆస్పత్రి తప్పదు. పది కిలోల బిడ్డ ఒంట్లోంచి లీటరు ద్రవం పోతే బరువులో పదోవంతు పోయినట్లే, అది ప్రాణాంతక స్థితి. పెద్దవారికి లీటరు లెక్కలోకి రాకపోవచ్చు. అందుకే పసిపిల్లల విషయంలో పూటను బట్టి కాదు, గంటను బట్టి చూడాలి.

చికిత్స

పోయింది నీరొక్కటే కాదు గనుక పెట్టాల్సిందీ నీరొక్కటే కాదు. 2002 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ సిఫారసు చేస్తున్న, నోటితో తాగించే లవణాల మిశ్రమం ఓఆర్‌ఎస్‌లో లీటరు నీటికి సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉంటాయి. మొత్తం 20.5 గ్రాములు. గ్లూకోజ్ వేసింది రుచికో, బలానికో కాదు. చిన్నపేగు గోడలోని ఒక ద్వారం సోడియంనూ గ్లూకోజ్‌నూ జంటగానే లోపలికి రానిస్తుంది. వాటి వెంట నీరు వస్తుంది. కలరాలో పేగు నీటిని వెళ్లగక్కుతున్నా ఈ ద్వారం పనిచేస్తూనే ఉంటుంది.

ప్యాకెట్ కలపడంలో జరిగే పొరపాట్లు మామూలుగా రెండు. లీటరు ప్యాకెట్‌లోంచి చెంచాడు తీసి గ్లాసు నీళ్లలో కలపడం ఒకటి. అలా చేస్తే ఏ గ్లాసులో ఎంత ఉప్పు పడిందో తెలియదు. ప్యాకెట్ మొత్తాన్నీ అరలీటరు నీళ్లలో పోయడం రెండోది. ద్రావణం చిక్కనై పేగులోకి ఇంకా నీటిని లాగుతుంది. పొడి మొత్తాన్ని ఒకేసారి, కొలిచిన లీటరు తాగునీటిలో కలిపి, మూతపెట్టి, 24 గంటల్లో వాడేయాలి. మిగిలితే పారబోయాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి చెంచాతో కొద్దికొద్దిగా మళ్లీ మొదలుపెట్టాలి. ప్యాకెట్ దొరకని చోట లీటరు నీటికి తలకొట్టిన ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలిపి ఇవ్వవచ్చు.

విరేచనాలైన పిల్లలకు దీనితోపాటు 10 నుంచి 14 రోజులు జింక్ ఇస్తారు. ఆరు నెలలు దాటినవారికి రోజుకు 20 మిల్లీగ్రాములు, ఆలోపు వారికి 10. తల్లిపాలు ఆపకూడదు. తీవ్ర స్థితిలో రింగర్స్ లాక్టేట్ లేదా నార్మల్ సెలైన్‌ను నరానికి ఎక్కిస్తారు. జనం వీటన్నిటినీ కలిపి ‘గ్లూకోజ్ ఎక్కించారు’ అంటారు. గ్లూకోజ్ మాత్రమే ఉన్న సీసా వేరు, 0.9 శాతం ఉప్పున్న సెలైన్ సీసా వేరు. ఉప్పు లేని గ్లూకోజ్ సీసా ఈ స్థితికి చికిత్స కాదు.

చికిత్స చరిత్ర

తెలుగునాట గత్తర, వాంతిభేది, మరిడి అన్న పేర్లతో ఊళ్లను ఊడ్చేసిన కలరాయే ఈ చికిత్సకు దారి చూపింది. 1831లో ఇంగ్లండులో కలరా రోగుల రక్తాన్ని పరీక్షించిన ఐరిష్ వైద్యుడు విలియం ఓషానెసీ, అందులో నీరు, లవణాలు తగ్గిపోయాయని తేల్చాడు. మరుసటి ఏడు స్కాట్లండులో వైద్యుడు థామస్ లట్టా ఉప్పునీటిని నరంలోకి ఎక్కించి కొందరిని బతికించాడు. ఓషానెసీ ఆ తర్వాత కలకత్తా వచ్చి వైద్య కళాశాలలో పనిచేశాడు, భారతదేశంలో టెలిగ్రాఫ్ తీగలు వేయించిందీ ఆయనే.

ద్రవాన్ని నోటితోనే ఇచ్చి బతికించవచ్చని 1953లో కలకత్తా వైద్యుడు హేమేంద్రనాథ్ ఛటర్జీ లాన్సెట్ పత్రికలో రాశారు గాని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1960లో శాస్త్రవేత్త రాబర్ట్ క్రేన్ సోడియం, గ్లూకోజ్ జంట ప్రయాణాన్ని ప్రతిపాదించడంతో శాస్త్రాధారం దొరికింది. 1968లో ఢాకాలో వైద్యులు డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ కలరా రోగులపై దీన్ని నిరూపించారు.

1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థులతో కిక్కిరిసిన పశ్చిమ బెంగాల్ పట్టణం బన్‌గావ్‌లో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు నిండుకుంటున్నాయి. అక్కడ పనిచేస్తున్న డాక్టర్ దిలీప్ మహలనబిస్ లీటరుకు 22 గ్రాముల గ్లూకోజ్, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా చొప్పున పొట్లాలు కట్టించి, పీపాల్లో కలిపించి, రోగుల బంధువుల చేతనే కప్పులతో తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతంలోపుకు దిగాయి. 1978లో లాన్సెట్ సంపాదకీయం ఈ చికిత్సను ఆ శతాబ్దపు అతి ముఖ్యమైన వైద్య ప్రగతి కాగలదని కొనియాడింది. 2022లో మరణించిన మహలనబిస్‌కు మరుసటి ఏడు భారత ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది.

ఓఆర్‌ఎస్ అన్న మూడక్షరాలకు మన్నన పెరిగేకొద్దీ, ఆ సూత్రానికి లోబడని తీపి పానీయాలూ ఆ పేరుతో దుకాణాలకెక్కాయి. హైదరాబాద్‌కు చెందిన ఒక పిల్లల వైద్యురాలు దీనిపై కొన్నేళ్లపాటు పోరాడారు. 2025 అక్టోబరులో దేశ ఆహార ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది.

రసాయన శాస్త్రంలో

ఇక్కడ నిర్జలీకరణమంటే తడి ఆరడం కాదు. తడిబట్ట ఆరితే అది కేవలం ఎండడం. అణువులోనే ఉన్న హైడ్రోజన్, ఆక్సిజన్ విడివడి నీరుగా బయటికి వస్తే అది నిర్జలీకరణం. చక్కెర మీద గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే అది పసుపై, గోధుమరంగై, చివరికి నల్లని బొగ్గుగా పొంగి బీకరులోంచి పైకి లేస్తుంది. చక్కెర అణువులో 12 కార్బన్, 22 హైడ్రోజన్, 11 ఆక్సిజన్ పరమాణువులున్నాయి. 22 హైడ్రోజన్లు, 11 ఆక్సిజన్లు కలిస్తే సరిగ్గా 11 నీటి అణువులు. వాటిని ఆమ్లం లాక్కుంటే మిగిలేది కార్బనే. ఈ ఆమ్లం చర్మం మీద పడితే కాలి నల్లబడడంలోనూ ఈ గుణం ఉంది. ఇదే ఆమ్లంతో ఇథనాల్‌ను సుమారు 170 డిగ్రీల దగ్గర వేడిచేస్తే నీరు పోయి ఇథిలీన్ వాయువు వస్తుంది.

స్ఫటికజలాన్ని పోగొట్టడాన్నీ ఇదే పేరుతో పిలుస్తారు. మైలుతుత్తాన్ని వేడిచేస్తే నీలిరంగు పోయి తెల్లని పొడి అవుతుంది. చుక్క నీరు వేస్తే మళ్లీ నీలమవుతుంది. ఒక ద్రవంలో నీరుందో లేదో చూడడానికి ఇది తేలిక పరీక్ష. జిప్సంలోని నీటిలో నాలుగింట మూడు వంతులు పోగొడితే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వస్తుంది. విరిగిన చేతికి వేసిన కట్టు గట్టిపడేది అది పోయిన నీటిని తిరిగి తీసుకోవడం వల్లనే.

ఆహార నిల్వలో

సూక్ష్మజీవులు పెరగాలంటే నీరు కావాలి. ఆ నీరు అందకుండా చేస్తే సరుకు నిలవ ఉంటుంది. మండువేసవిలో డాబాల మీద పరిచే వడియాలు, అప్పడాలు, గోరుచిక్కుడు, కాకర, వంకాయ వరుగులు, ఆత్రేయపురం మామిడి తాండ్ర, కోస్తా రేవుల్లోని ఎండు చేపలు, గుంటూరు సీమ కల్లాల్లో ఎర్రగా పరుచుకునే మిరప అన్నీ ఈ కోవలోవే. పండుమిరపలో మూడింట రెండొంతులకు పైగా ఉండే తేమను పది శాతం దరికి దించితేనే అది కోల్డ్ స్టోరేజీకి పనికొస్తుంది. తేమ మిగిలితే బూజు పడుతుంది, దానితో అఫ్లాటాక్సిన్ అనే విషం చేరవచ్చు.

మాగాయ పెట్టే పద్ధతిలో ఈ శాస్త్రమంతా కనిపిస్తుంది. మామిడి ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి జాడీలో ఉంచితే ఉప్పు ముక్కలోని నీటిని బయటికి లాగుతుంది. అదే ఊట. ముక్కలను పిండి ఎండలో పెట్టి, ఒరుగులయ్యాక మళ్లీ ఊటలో వేస్తారు. ఉప్పు నీటిని తనవైపు లాక్కుంటుందన్న ఈ సూత్రమే మన పేగుల్లోనూ, కణాల్లోనూ నడుస్తుంది. చిక్కి శల్యమైన మనిషిని ‘ఎండి వరుగైపోయాడు’ అనే జాతీయం, ఆహారపు నిర్జలీకరణాన్నీ ఒంటి నిర్జలీకరణాన్నీ ఒక్కచోట చేర్చింది.

కర్మాగారాల్లో వేడిగాలి యంత్రాలతోనూ, ద్రవాన్ని తుంపరలుగా చల్లి పొడి చేసే పద్ధతితోనూ, గడ్డకట్టించి మంచును నేరుగా ఆవిరిగా మార్చే పద్ధతితోనూ ఈ పని చేస్తారు. పాలపొడి, ఇన్‌స్టంట్ కాఫీ అలా వచ్చినవే. ఎండు ఉల్లి తయారీకి గుజరాత్‌లోని మహువా పేరుపొందింది.

అపోహలు, నివారణ

విరేచనాలప్పుడు నీళ్లిస్తే అవి ఎక్కువవుతాయన్న నమ్మకం అన్నిటికంటే ప్రమాదకరమైనది. బిడ్డను చంపేది విరేచనం కాదు, దానితో పోయిన నీరు, ఉప్పు. రోజూ ఎనిమిది గ్లాసులు తాగి తీరాలన్న లెక్క అందరికీ వర్తించదు. అన్నం, పప్పు, కూర, పండ్లలోనూ నీరుంది. ఎండ, పని, వయసును బట్టి అవసరం మారుతుంది. కాఫీ, టీ మితంగా తాగితే ఒంట్లో నీరు తగ్గదు. గంటల తరబడి చెమటోడ్చి ఉప్పు లేని నీళ్లే అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి మెదడు వాచే ప్రమాదముంది. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు ఎంత తాగాలో వైద్యుడిని అడిగి తెలుసుకోవాలి.

ఉప్పు వేసిన మజ్జిగ, గంజి, రాగి అంబలి, తరవాణి ఎండకు తగిన పాత తెలుగు పానీయాలు. ఊళ్లలో ఉగాది నాటి నుంచి వెలిసే చలివేంద్రాల్లో నీళ్లతోపాటు మజ్జిగ పోయడంలో ఈ అనుభవం ఉంది. వీటితో ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకోవచ్చు గాని, తగ్గిపోయాక ఇవి ఓఆర్‌ఎస్‌కు బదులు కావు. విరేచనాల్లో రక్తం పడినా, వాంతులతో ఏమీ నిలవకపోయినా, ఆరు గంటలు దాటినా మూత్రం రాకపోయినా, మనిషి మగతగా ఉన్నా ఇంట్లో వేచి చూడకూడదు. దారిలో గుటకవేయగలిగినంతసేపూ ఓఆర్‌ఎస్ తాగిస్తూనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.